తొమ్మిదో హోల్, కుడి పక్క ఇసుక

2001 నవంబర్ 3, శనివారం

మా ఫ్యాక్టరీ క్లబ్బు గోల్ఫ్ మైదానం గుర్తులు. ఒకటో హోల్ — సూటిగా. ఎడమ పక్క గట్టు వెనకాల బంకర్, ఇసుక గుంట ఉంది, ఇక్కణ్ణుంచి కనపడదు. నాలుగు — సముద్రం మీంచి ఎదురుగాలి. గాలితో పంతానికి పోయి ఇసుకలో పడేకంటే పొట్టిగా రెండు దెబ్బల్లో వెళ్ళడం మేలు. ఏడు — సరుగుడు చెట్లకి కుడిగా వేస్తే ఇక బంతి వెతుక్కోవడమే పని. తొమ్మిది — జెండా ఉన్న పచ్చిక, గ్రీన్‌కి రెండు పక్కలా ఇసుక గుంటలు. ఎడమ దాంట్లో గోదావరి ఇసుక, గరుకు. బంతి పైనే నిలుస్తుంది, తీయొచ్చు. కుడి దాంట్లో ఉప్పాడ వైపు నుంచి తోలించిన సముద్రపు ఇసుక, మెత్తన. బంతి కూరుకుపోతుంది. ప్రాణం పోయినా కుడికి కొట్టకూడదు.

రాసుకోవడం బాగానే ఉంది. కొట్టడం దగ్గరే వస్తోంది చిక్కు నాకు.

క్లబ్బులో దంపతుల పోటీ పెట్టారు. కొత్త జనరల్ మేనేజర్, జీఎం గారి ముచ్చట. జంటకి ఒకటే బంతి — ఒక దెబ్బ భర్త, మరు దెబ్బ భార్య.

నవంబర్ 6, మంగళవారం

సాయంత్రం మా ఆవిడ సుగుణతో ప్రాక్టీసు. కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడిన చెయ్యి... కొంగు నడుముకి దోపుతుంది, కాన్వాసు బూట్లు, ఊపిరి బిగబట్టి ఒక్క దెబ్బ. ఎక్కడ అనుకుంటే అక్కడ. నేను తనకంటే దూరం కొడతాను. కొట్టి ఇసుకలో పడతాను. తను తక్కువ కొడుతుంది, పడదు.

“ఏవండీ, పాపం ఆ బంతిని ఎందుకండీ అలా తిడతారు?”

నవ్వొచ్చింది. చాలా రోజులైంది ఇద్దరం ఇలా నవ్వుకుని.

నవంబర్ 10, శనివారం

రెండు ఆటలూ గెలిచాం. తన వల్లే. ఫైనల్ వచ్చే శనివారం — జీఎం గారితో, వాళ్ళావిడ లలిత గారితో.

మింగుడు పడటం లేదు. డిప్యూటీ మేనేజర్ పోస్టుకి నా పేరు పంపాల్సింది ఆయనే. ఈ నెలలోనే.

నవంబర్ 15, గురువారం

పొద్దుటి నుంచీ ముసురు. ఆఫీసులో స్టోర్స్ మూర్తి — “పెద్దాయన్ని ఓడించకండి బాబూ, ఉద్యోగం చేసుకోవాలి కదా.” వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం రోజంతా అదే చెవిలో.

నవంబర్ 16, శుక్రవారం

అడిగేశాను. భోజనాల దగ్గర, ముద్ద కలుపుతూ, ఏదో కూర సంగతి అడిగినట్టు.

“చివరి దాకా సమానంగా వస్తే... తొమ్మిదోది కుడి వైపు వెయ్యి.”

“కుడి వైపా? కుడికి వెయ్యద్దని మీరే కదా...”

“అందుకే.”

అర్థమైంది తనకి. చారు గిన్నె నా వైపు జరిపింది.

“పోనీ మీరే వెయ్యచ్చుగా?”

“అక్కడ మొదటి దెబ్బ నాది. గ్రీన్ మీదకి వెయ్యాల్సింది నువ్వు.”

“అంటే తప్పు నాదవ్వాలి.”

“నీకు పోయేదేముంది సుగుణా? నీ ఉద్యోగం కాదుగా.”

ఈ మాట అన్నది నేనే. రాసి చూసుకుంటే ఇంకా రోతగా ఉంది. తను మాత్రం “సరేనండీ” అంది, అంతే. పోట్లాడి ఉంటే బావుండేది.

నవంబర్ 17, శనివారం

గెలిచాం.

ఛీ.

నవంబర్ 18, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళైనా రాయాలి.

ఎనిమిది హోల్స్ అయ్యేసరికి సమానం. తొమ్మిదో దాని మీద నా మొదటి దెబ్బ బాగా పడింది. సుగుణ వచ్చి బంతి దగ్గర నిలబడింది. ఒక్కసారి నా వంక చూసింది. నేను సరుగుడు చెట్ల వైపు చూశాను. కొట్టింది. బంతి పైకి లేచి, కుడికి వంగి, చెప్పినచోటే — సరిగ్గా బంకర్ మధ్యలో. నా జన్మలో అంత గురిగా కొట్టలేను.

“అయ్యయ్యో” అన్నారందరూ. కుర్చీల్లోంచి ఎవరో, “చివర్లో ఆడవాళ్ళకి చెయ్యి వణుకుతుందండీ.”

ఇసుకలోకి దిగాను. ఒక దెబ్బ దండగ చేద్దాం, బంతి అక్కడే ఉండిపోతుంది, జీఎం గారు గెలుస్తారు — అదీ నా ఎత్తు. గురువారం ముసురుకి ఆ ఇసుక గట్టిపడిందని ఎవడికి తెలుసు. కళ్ళు మూసుకున్నంత పని చేసి కొట్టాను. బంతి తుర్రున లేచి, జెండా కర్రకి తగిలి, టపీమని హోల్లో పడింది. మూడు దెబ్బల్లో పూర్తి, జీఎం గారి వాళ్ళకి నాలుగు పట్టాయి.

చప్పట్లు. జీఎం గారు ఓడిపోయానన్న ఊసే లేదు, పరిగెత్తుకొచ్చి వాటేసుకున్నారు. “ఆవిడ పోగొట్టింది, నువ్వు నిలబెట్టావయ్యా ప్రసాద్!”

అప్పుడు చెప్పాల్సింది. ‘లేదండీ, అక్కడ వెయ్యమన్నది నేనే’ — ఇంతే కదా. చెబితే ఆయన్ని గెలిపించబోయానని ఆయనకే చెప్పినట్టు. తేలు కుట్టిన దొంగలా నవ్వుతూ నిలబడ్డాను. సుగుణ దూరంగా బూట్ల ఇసుక దులుపుకుంటోంది.

నవంబర్ 20, మంగళవారం

లేడీస్ ప్రాక్టీసుకి వెళ్ళలేదు తను. గోల్ఫ్ కర్ర తలుపు మూల నిలబెట్టి ఉంది.

“తలనొప్పా?”

“కాదండీ.”

అంతకన్నా అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

నవంబర్ 24, శనివారం

క్లబ్బులో విందు. జీఎం గారు లేచి ఆ దెబ్బ కథ చెప్పారు. భార్య చేసిన పొరపాటుని భర్త దిద్దుకోవాలట, సంసారమంటే అదేనట. అంతా ఘొల్లున నవ్వారు. ఆడవాళ్ళ బల్ల దగ్గర సుగుణకి ‘ఇసక రాణి’ అని పేరు పెట్టేశారు. ప్లేటులో అన్నం కెలుకుతూ కూర్చుంది.

“నిజమే కదయ్యా ప్రసాద్?” అని పిలిచారాయన, అందరి ముందూ.

“అంతా మీ అభిమానమండీ” అన్నాను.

నాలిక తెగిపోతే బావుండేది.

నవంబర్ 27, మంగళవారం

నా పేరు పంపారట. మూర్తి చెప్పాడు, టీ ఇప్పించమన్నాడు. ఇప్పించాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

నవంబర్ 29, గురువారం

జీఎం గారి కబురు. ఎల్లుండి కొత్తగా చేరినవాళ్ళకి ఆ దెబ్బ చేసి చూపించాలట. సుగుణ ఆ రోజులాగే బంకర్లో వెయ్యాలి, నేను తీయాలి.

తనకి చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు.

“వస్తానండీ” అంది.

డిసెంబర్ 1, శనివారం

జనం బాగా వచ్చారు. నేను ముందే ఇసుకలో దిగి నిలబడ్డాను, కర్ర పుచ్చుకుని. సుగుణ కొట్టింది. బంతి నా తల మీదుగా వెళ్ళి గ్రీన్ మీద పడింది, జెండా పక్కనే.

“ఇంకోటి వెయ్యమ్మా” అన్నారు జీఎం గారు.

వేసింది. అదీ గ్రీన్ మీదే.

“బంకర్లోకమ్మా, బంకర్లోకి.”

మూడోది. మొదటి దాని పక్కన ఆగింది.

ఆయన నవ్వారు. “చూశారా, కావాలన్నప్పుడు పడదు.” కొత్తవాళ్ళూ నవ్వారు. లలిత గారు నవ్వలేదు. ఆవిడ ఆ మూడు బంతుల వంకా, బంకర్లో ఉన్న నా వంకా మార్చి మార్చి చూశారు.

“ఇంత బాగా వేస్తావు కదమ్మా. మరి ఆ రోజు ఎలా పడింది?”

“ఆయన్నడగండి” అంది సుగుణ.

గొంతులో కోపం లేదు. నిజంగానే నాకొక దారి ఇచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. నెత్తి మీద ఎండ, కాళ్ళ కింద మెత్తటి ఇసుక. చెప్పేద్దామనే నోరు తెరిచాను...

“ఒక్కోసారి అలా పడుతుందండీ” అన్నాను.

నాకు తెలిసి, లలిత గారికి అర్థమైపోయింది. ఇంటికొచ్చేటప్పుడు స్కూటర్ మీద సుగుణ నా భుజం పట్టుకోలేదు. వెనకాల స్టెప్నీ పట్టుకుని కూర్చుంది.

నేనింత పిరికివాణ్ణని నాకు తెలియదు. తనకి తెలిసి ఎన్నాళ్ళయిందో.

డిసెంబర్ 2, ఆదివారం

మొదటి ఆదివారం. చర్చిలో ప్రభు భోజన సంస్కారం, అందరూ ముందుకెళ్ళి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే ముందు సమాధానపడి రమ్మని పాస్టరు గారు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. మా వరస లేచింది. నేను కూర్చుండిపోదామనుకున్నాను — నిజంగా అనుకున్నాను. వెనకాల వరసలో ఫ్యాక్టరీ వాళ్ళు. కూర్చుంటే ఎందుకని అడుగుతారు. లేచాను.

నాలుగడుగులు వేశాక తెలిసింది, సుగుణ నా వెనకాల లేదు.

తిరిగి చూడలేదు. వెళ్ళి మోకరించాను, చెయ్యి చాపాను, రొట్టె తీసుకున్నాను. తిరిగొచ్చేసరికి వరస మొత్తంలో తనొక్కతే కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. అందరూ తన వైపే చూస్తున్నారు. తప్పు చేసిన మనిషిని చూసినట్టు.

గుమ్మం దగ్గర పాస్టరమ్మ గారు నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగారు. “ఏం బాబూ, అమ్మాయికి ఒంట్లో బాగోలేదా?”

సుగుణ పక్కనే ఉంది. ఆగింది. నేనేమంటానో వినడానికే ఆగింది.

“అవునండీ” అన్నాను. “కాస్త నీరసం.”

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. స్కూటర్ దగ్గర ఉంటుందనుకున్నాను. అక్కడ లేదు. గేటు బయట, బస్టాపు వైపు నడుస్తోంది...