బావ మాట

1987 నవంబర్ 12, గురువారం

గొంతు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేసినప్పటి నుంచి బావ ఏది చెప్పాలన్నా పలక మీద రాస్తాడు. అక్కకేమో చదువు రాదు. ఎవరో ఒకరం చదివి వినిపించాలి. పాపం, మొగుడూ పెళ్ళాలు ఏకాంతంగా ఒక్క మాట అనుకోలేరు.

అందుకే ఈరోజు ఇద్దరినీ నర్సంపేట నుంచి మా కాలేజీ ల్యాబ్‌కు రప్పించాను. టైపు చేసింది పైకి పలికే కంప్యూటర్ వచ్చి నెలైంది. దానికి ఇంగ్లిష్ తప్ప రాదు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే కొంతైనా పలుకుతుందని ఆశపడ్డాను.

బావ పలక మీద రాసి నాకు మాత్రమే చూపించాడు. "సరోజా, జబ్బు మళ్ల వచ్చింది. డాక్టర్ ఇగ లాభం లేదన్నడు." సోమవారం దవాఖానలో ఆ మాట విన్నది మేమిద్దరమే. అక్కకు తానే చెప్పాలని ఈ మూడు రోజులూ ఆగాడు.

టైపు చేశాను. పెట్టె గరగరమని ఏదో అన్నది. ఒక్క ముక్క కూడా తెలుగులా లేదు.

అక్క నవ్వింది. "గిదేం భాషరా? మీ బావ ఏమంటాండు?"

బావ గబగబా అరచేత్తో పలక తుడిచేశాడు. నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల ఊపాడు.

"నిన్ను పేరు పెట్టి పిలిచిండక్కా," అన్నాను.

అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అవునా! మీ బావ నన్ను పిలువక ఏడాదాయె. ఇంకొకపారి అనిపియ్యిరా."

నాతో మూడుసార్లు మీట నొక్కించుకుని, కళ్లు మూసుకుని విన్నది. బావ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇక ఆమెకు ఎవరు చెప్పాలో, ఏ నోటితో చెప్పాలో...