ఫెయిర్ చేయించిన పుస్తకాలు

పాలకొల్లు,
16-11-2025, ఆదివారం.

చి. తబితకు,

మాణిక్యాంబ టీచరు దీవించి రాసే ఉత్తరం. నువ్వూ మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. ముప్ఫై రెండేళ్లుగా పిల్లల చేత ఆ వాక్యమే రాయిస్తున్నాను, పరీక్షలో దానికి మార్కు కూడా ఉంది. ఈసారి నేనే రాయలేకపోతున్నాను.

నీ వాట్సాప్ మెసేజీలు మూడూ చూశాను. నువ్వు ఫోన్ చేసినా ఎత్తలేదు. నీ గొంతు వింటే ఈ సంగతులు చెప్పలేనని నాకు తెలుసు. నువ్వు అడిగినవి రెండు. మీ గైడుగారు చూస్తామన్నారు కాబట్టి పిల్లల రఫ్ పుస్తకాలు పంపమన్నావు. ఇరవై ఎనిమిదిన రాజమండ్రిలో మీ యూనివర్సిటీ సభకి మా బడి పిల్ల సాయిదుర్గని తీసుకొస్తే, పెద్దవాళ్లందరి ముందూ కూర్చుని ఓ అరగంట తనంతట తాను రాసి చూపిస్తుందన్నావు. రెండూ జరగవమ్మా.

రెండేళ్ల క్రితం మా రేవు ఊరి హైస్కూలుకి నువ్వు మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా? పిల్లలు రాయడం ఎలా నేర్చుకుంటారు, మనం ఎలా నేర్పుతున్నాం అన్నది నీ పరిశోధన అని చెప్పావు. ఏడో తరగతి పిల్లలు వారానికో పేజీ తమకి తోచింది రాయాలన్నావు. టీచరు ముందు అందులో ఏం చెబుతున్నారో చదివి దానికి జవాబు రాయాలి, ఎర్ర పెన్ను మాత్రం ఏడాదిపాటు ముట్టుకోకూడదు అన్నావు. నాకు లోపల నవ్వొచ్చింది. ముందు వాళ్లకి వత్తులు రానీ తల్లీ, మనసులో మాట సంగతి తరవాత చూద్దాం అన్నాను. నువ్వు నవ్వేసి, ఒక్క ఏడాది నా మాట వినండి టీచర్‌గారూ అన్నావు. సరేనన్నాను. విన్లేదు.

మా దగ్గర రాయడం నేర్పడమంటే ఏంటో నీకు తెలియనిది కాదు. నేను బోర్డు మీద వ్యాసం రాస్తాను, పిల్లలు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటారు, కంఠతా పట్టి పరీక్షలో దించుతారు. నాకూ అలాగే నేర్పారు. అలా కాకుండా ఇంకోలా నేర్పడం నేను కంటితో చూడలేదు.

మొదటి వారం ముప్ఫై ఒక్క పుస్తకాలు నా బల్ల మీదకి వచ్చాయి. తెరిచి చూస్తే సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చిన మనిషికి అంచు విరిగిన కంచంలో అన్నం పెడతామా? యూనివర్సిటీ నుంచి బస్సు దిగి వచ్చే పిల్ల చేతిలో ఇవి ఎలా పెట్టను? ఇన్‌స్పెక్షన్ అంటే నోట్సులు ఫెయిర్ చేయించడం మా చేతులకి పట్టిన అలవాటు. బుధవారం రఫ్ పేజీలు దిద్దేదాన్ని, విషయం చప్పగా ఉంటే నేనే రెండు వాక్యాలు అందించేదాన్ని, గురువారం కొత్త పుస్తకంలో ఎక్కించమనేదాన్ని. శుక్రవారం నువ్వు వచ్చి పట్టుకెళ్లినవి ఆ కొత్త పుస్తకాలు. రఫ్‌లన్నీ ఏడాది చివర పాత పేపర్ల వాడికి వేసేశాను. ఇంక నీకు ఏం పంపను?

నీ నాలుగో అధ్యాయం మా ఇంట్లో కూర్చుని చదివి వినిపించావు. సాయిదుర్గ మొదట్లో నాలుగు ముక్కలు రాసేదని, ఏడాది తిరిగేసరికి గోదావరి మీద పొద్దు పొడవడాన్ని పేజీ నిండా రాసిందని, ఈ పిల్ల తన గొంతు తాను వెతుక్కుందని రాశావు. చదువుతుంటే నీ కళ్లు తడిశాయి. ఆ పొద్దు పొడిపించింది నేనే తబితా. వాళ్ల నాన్న పల్లంరాజు నావ, నీళ్ల మీద పొగమంచు, అన్నీ నా వాక్యాలే. నిజం చెప్పనా, నువ్వు ఆ పిల్ల పుస్తకాన్ని మొదటిసారి మెచ్చుకున్న శుక్రవారమే నాకు గర్వంగా అనిపించింది. నేను రాసిందాన్ని ఒక మనిషి మెచ్చుకోవడం నా బతుకులో అదే మొదటిసారి. అందుకే తరవాతి వారం ఇంకాస్త బాగా రాసిచ్చాను. నీ గ్రాఫులో పైకి వెళ్లిన ఆ గీత నాది.

ఇక సాయిదుర్గ సంగతి. ఇప్పుడు తొమ్మిదో తరగతి కదా. పోయిన నెల బోర్డు దగ్గరికి రమ్మంటే పక్కనున్న బల్ల తగిలి పడిపోయింది. లేచి సుద్దముక్క తీసుకుని, అప్పటికే ఉన్న వాక్యం మీదే మళ్లీ రాసింది. పిల్లలందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. పుస్తకానికి ముక్కు ఆనించి రాస్తుంటే, పుస్తకం తింటావా ఏంటే అని ఎన్నిసార్లు వేళాకోళం చేశానో లెక్కలేదు. స్కూల్లో కంటి పరీక్షలు పెట్టిన రోజున ఈ పిల్ల తల్లితో చేపలమ్మడానికి వెళ్లిందట. అలా తప్పిపోయింది.

ఆ శనివారమే తల్లి సుబ్బాయమ్మనీ, పల్లంరాజునీ, పిల్లనీ వెంటబెట్టుకుని రాజమండ్రి కంటాసుపత్రికి వెళ్లాను. కంట్లో ఒత్తిడి పెరిగి నరం పాడైపోయిందన్నారు. కుడి కన్ను పోయింది. ఎడం కన్ను సగం మిగిలింది. చుక్కల మందు ఆ సగాన్ని నిలబెట్టడానికే, పోయింది తిరిగి రాదన్నారు. ఎడంకన్నన్నా నిలబడుద్దాండి, అని పల్లంరాజు ఒకే మాట పదిసార్లు అడిగాడు. డాక్టరుగారు ప్రయత్నిద్దాం అన్నారే తప్ప అవునని ఒక్కసారీ అనలేదు.

రెండేళ్ల క్రితం తెచ్చి ఉంటే ఆపేవాళ్లమని కూడా చెప్పారు. ఇన్నాళ్లూ కనబడకపోతే ఎవరికీ చెప్పలేదా అమ్మా అని పిల్లని అడిగారు. లేదండి, ఎవరికీ చెప్పలేదండి అంది సాయిదుర్గ. సుబ్బాయమ్మ తల బాదుకుంది. నీకు నోరు లేదటే, అని అందరి ముందూ పిల్లని కొట్టబోయింది. నేను అడ్డుపడ్డాను. పెద్ద మంచిదానిలా అడ్డుపడ్డాను.

ఇప్పుడు బడికి రావడం లేదు. మొన్న చూడడానికి వెళ్తే నా చెప్పుల చప్పుడు విని లేచి నిలబడింది. మీ సభ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, ఆ పొద్దు పొడుపు వ్యాసం కంఠతా పట్టానండి, చూడకుండా రాయగలనండి అంది. అప్పజెప్పింది కూడా. ఒక్క మాట పొల్లుపోలేదు. నేను బయటికొచ్చి బస్సెక్కేదాకా ఏడుపు ఆపుకున్నాను.

నీ అయిదేళ్ల కష్టం నా చేతుల మీదుగా పోయింది. ఈ ఉత్తరం మీ గైడుగారికి చూపించు. నా పేరు దాచకు. మార్చిలో రిటైరవుతాను, ఈలోపు ఏ చర్య తీసుకున్నా సరే. క్షమించమని అడగను, ఓదార్చడానికి నువ్వు రావద్దు. ఇంత జరిగాక నేను మారానని అనుకుంటావేమో, అదీ లేదు. మొన్న శుక్రవారం కూడా బోర్డు మీద వ్యాసం రాశాను, పిల్లలు తలలు వంచుకుని ఎక్కించుకున్నారు. అది తప్ప నాకు వేరే పని రాదు.

ఇట్లు,
నీ పని పాడుచేసిన
మాణిక్యాంబ

తా.క.: ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, మళ్లీ బయటికి తీశాను. డాక్టరుగారి దగ్గర సాయిదుర్గ చెప్పింది అబద్ధం. చెప్పేముందు నేను నిలబడ్డ వైపు ఒకసారి తల తిప్పింది. నేను నోరు మెదపలేదు. నీ పని మొదలైన రెండో వారంలో, అంటే 2023 జులైలో, ఆ పిల్ల తన పేజీలో ఇలా రాసింది. కాగితం పోయినా మాటలు నాకు గుర్తున్నాయి: “నా కుడి కన్నుకి పక్కనున్నవి కనబడట్లేదు. లైటు చుట్టూ రంగుల గుండ్రాలు కనబడుతున్నాయి. బోర్డు మీదవి కనబడక పక్కదాని పుస్తకంలో చూసి రాస్తున్నాను. అమ్మ తిడుతుందని ఇంట్లో చెప్పలేదు. ఇది టీచర్‌గారు చదువుతారని రాస్తున్నాను.” నేను ఏడు తప్పులకి సున్నాలు చుట్టాను. కింద ‘ఇలాంటివి వద్దు, గోదావరి గురించి రాయి’ అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు ఆ పిల్ల గోదావరి గురించి రాసుకొచ్చింది.