వేయించిన చింతగింజలు

హైదరాబాద్,
12 జూన్ 1995

దేవరకొండలో ఉన్న నిర్మలమ్మ పెద్దమ్మకు దండాలు.

పెద్దమ్మా, నూనె చెడిపోలేదు! పొద్దున సీసా మూత తీసి వాసన చూసి, కాలేజీ ల్యాబులోనే గంతేశాను.

నా పరిశోధనకు నిన్ను పచ్చి చింతగింజలు అడిగాను. చింతపండు కొట్టాక పారబోసే గింజలే కదా, సంచీ నిండా పంపావు. కానీ సగం వేయించావు. "పచ్చియి తింటే కడుపు నొస్తది బిడ్డా, గందుకే జర వేయించిన" అని చెప్పి పంపావు. తినడానికి కాదు పెద్దమ్మా! నా పనంతా చెడగొట్టావని కోపంగా ఉత్తరం రాశాను.

అయినా పారేయబుద్ధి కాలేదు. ఒక సీసా పల్లినూనెలో పచ్చి గింజల పొట్టు పొడి, ఇంకో సీసాలో నువ్వు వేయించినవాటి పొట్టు పొడి కలిపాను. మూడోదాంట్లో ఏమీ కలపలేదు. ఇరవై రోజులు వేడిలో ఉంచాం. ఉత్త నూనె కంపు కొట్టింది. పచ్చి పొట్టుది కాస్త నయం. నీది మాత్రం నిన్న గానుగ పట్టించినట్టే ఉంది! నూనెను చెడనివ్వని గుణమేదో ఆ పొట్టులో ఉందనీ, వేయిస్తే అది పెరిగినట్టుందనీ నా పరిశోధన చూసే రఘుపతి సార్ అంటున్నారు.

ఎంతసేపు వేయించావో కనుక్కోమన్నారు. "కమ్మటి వాసనొచ్చేదాంక" అంటావని నాకు తెలుసు. సార్‌కేమో నిమిషాలు కావాలి. అందుకే ఆదివారం గడియారం పట్టుకొని వస్తున్నాను. నువ్వు నీ తీరుగానే వేయించు, నేను నోరు మెదపను.

పొయ్యి ఎలాగూ వెలిగిస్తావు కదా. నా తిట్ల ఉత్తరం గూట్లోనే ఉంటే, దాంతోనే అంటించు పెద్దమ్మా.

నీ బిడ్డ