ముందు వాటాలో పాలు పొంగాయి

బుధవారం, రాత్రి

ముందు వాటాను మంచాలు, గ్యాస్ పొయ్యితో సహా అద్దెకిచ్చి, మేం వెనక గదిలోకి మారి ఏడాది దాటింది. ఏజెన్సీ ప్రాంతం ఆసుపత్రులకు డిప్యుటేషన్ మీద వచ్చేవాళ్లు అందులో మూడేసి నెలలుండి వెళ్లిపోతారు. ఇంతవరకూ ఎవరూ పాలు పొంగించలేదు. అందుకే ఇల్లింకా మాదేననిపించేది.

పొద్దున కొత్తగా దిగిన నర్సు వచ్చి, "పాలు పొంగిస్తన్నానండి, మీరిద్దరూ బేగి రండి" అంది.

"మూణ్ణెల్లకి పాలేటమ్మా?" అన్నాను.

"ఉన్నన్నాళ్లూ నా ఇల్లే కదండీ!"

మా ఆవిడ పంచదార డబ్బా పట్టుకుని ముందే వెళ్లిపోయింది. నేను కట్టించుకున్న గుమ్మం బయటే చెప్పులు విప్పి, "లోపలికి రావచ్చామ్మా?" అని అడిగాను.

ఆ తలుపు రెండో తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. ఆ అమ్మాయి అడగలేదు.