గౌరి ముట్టని నీళ్ళు

ఆగస్టు 4
సీసాలో సగం బావినీళ్ళు, ఇరవై ఊపులు, స్కేలు. నురగ నాలుగు సెంటీమీటర్లు. పై వీధిలో బట్టలుతికే షెడ్డు మూతపడి నెలైంది. బావిలో సబ్బు తగ్గాలి. పెరిగింది.
గౌరి తొట్టిలో మూతి పెట్టి తీసేసింది. చూడి ఆవు, ఈనడానికి పది రోజులు కూడా లేవు. దాన్ని చూసుకునే మునెప్ప: "రెండు దినాలాయె, తాగల్యా. ఆ నీళ్ళలో ఏమో ఉండాదమ్మా."
ఉంది. సబ్బు. ఇన్నేళ్ళు బడిలో సైన్సు చెప్పినదాన్ని — దయ్యాల మాట నా దగ్గర ఎత్తవద్దన్నాను.

ఆగస్టు 6
మనవరాలు సుమ కుప్పం కాలేజీ నుంచి వచ్చింది. నీళ్ళు వడకట్టడానికి డ్రమ్ములో ఇసుక, పైన కొబ్బరి చిప్పల బొగ్గు నింపింది. "సబ్బు బొగ్గుకు అతుక్కుంటాదవ్వా. నిదానంగా పొయ్యాల, నీ తొందర ఈడ పనికిరాదు." డ్రమ్ము దాటిన నీళ్ళలో నురగ సున్నా. గౌరి రెండు బకెట్లు తాగింది.

ఆగస్టు 7
సున్నా.

ఆగస్టు 9
ఒకటి. సుమ ఫోన్లో — "బొగ్గు నిండిపోయుంటాది. మార్చు." మదనపల్లె అంగడికి సరుకు మంగళవారం వస్తుందట. అంతవరకు పాతదాన్నే కడిగి పెట్టాను.

ఆగస్టు 10
తొమ్మిది. తప్పు నాదే. బొగ్గును సబ్బు పొడితో కడిగాను, గిన్నెలు తోమినట్టు, మూడుసార్లు. కడగనిది ఈ ఇంట్లో వాడను. ఫోన్లో సుమ ఒకటే నవ్వు: "టీచరమ్మవి కదవ్వా నువ్వు!"
గౌరి ముట్టలేదు. ఆ బొగ్గును మునెప్ప బావి పక్క గుంటలో పోశాడు.

ఆగస్టు 11
పొద్దున జల్లు. గుంటలో నురగ లేచింది, నా మోకాలెత్తు. మధ్యాహ్నానికీ అణగలేదు... సబ్బు నురగ అంతసేపు నిలవదు.
గౌరి అటు తిరిగి అరిచింది. దూడను పిలిచే గొంతు. ఇంకా ఈననే లేదు.
మునెప్ప నా వైపు ఒకసారి చూసి దాని పలుపు బిగించాడు. దయ్యాల మాట వద్దన్నది నేనే.

ఆగస్టు 12
కొత్త బొగ్గు వచ్చింది. ఉత్తనీళ్ళతో కడిగాను. నురగ సున్నా. గౌరి వాసన చూసి వెనక్కి తగ్గింది.

ఆగస్టు 13
సున్నా. మళ్ళీ ఊపాను, సున్నా. నేనే ఒక గ్లాసు తాగాను. ఏ రుచీ లేదు.
గౌరి మూతి ఎండిపోయింది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. కడుపులోది కదులుతోందో లేదో చేతికి తెలియడం లేదు.
వాన లేదు. గుంటలో నురగ మొన్నటికంటే నాలుగు సెంటీమీటర్లు ఎత్తు. స్కేలు బయటికి తీస్తే వెచ్చగా ఉంది.
మునెప్ప — "పలుపు ఇప్పమ్మా. యాడికి పోతాదో సూద్దాం."
ముడి సగం విప్పాను. గౌరి లాగుతోంది, గుంట వైపే...