నేలమీద కూర్చోలేనివాడు

ఫ్రీమాంట్,
మార్చి 1984

నా నడుముకి ఏమీ లేదని, ఉన్నదల్లా బద్ధకమేనని మా బావతో చెప్పారు మీరు. ఆదిశేషు అంకుల్, అది తప్పు.

మీ ఇంట్లో వ్రతంనాడు అందరూ కార్పెట్ మీద కూర్చుంటే నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. "ఏమోయ్, నీకు సింహాసనం వెయ్యాలా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కూర్చుంటే మళ్లీ లేవలేనని అంతమందిలో ఎలా చెప్పను? తరవాత చొక్కా మీద నుంచే నడుము నొక్కి, "ఇరవై నాలుగేళ్లవాడికి నొప్పేమిటయ్యా" అని తేల్చేశారు. మీరు కళ్ల డాక్టరు. అయినా బావకి మీ మాట వేదం.

బావ మేనేజరుగా ఉన్న గోడౌన్‌లోనే నేను టైల్స్ పెట్టెలు ఎత్తేవాణ్ని. ఎంతో బతిమాలితే కౌంటర్లో కూర్చోబెట్టాడు. నిన్న పిలిచి, "డాక్టరుగారే చెప్పారు, సోమవారం నుంచి మళ్లీ పెట్టెల దగ్గరికి వెళ్లు" అన్నాడు. ఇక్కడి అమెరికన్ డాక్టర్లు ఊరికే భయపెడతారని బావ నా ఎక్స్‌రే వైపు చూడనేలేదు.

సాక్స్ వేసుకోవాలంటే మంచం మీద పడుకుని కాలు పైకి లాక్కుంటాను అంకుల్. నొప్పి సంగతి సరే, అది ఉందని నమ్మించలేక అలిసిపోయాను.

ఎక్స్‌రే పంపుతున్నాను. వెన్నులో ఎముక ముందుకి జారింది, ఇంకా బరువులెత్తితే ఎడమకాలు పడిపోవచ్చన్నాడు ఎముకల డాక్టరు. చూడండి. చూసి, శనివారం సాయంత్రంలోగా బావకి ఫోన్ చేసి, చూడకుండా అన్నానని మీ నోటితో చెప్పండి.