వీధిలో మిగిలిన పొయ్యి

అక్కకి నమస్కారాలు.

నిన్నొకటి అడగాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాను. అమ్మకి ఆ కట్టెల పొయ్యి నిజంగా ఇష్టమా, లేక ఇష్టం లేదని చెప్పే సందు ఈ ఇంట్లో ఆవిడకి ఎన్నడూ దొరకలేదా? నాకంటే ముందు పుట్టినదానివి, నీకేమైనా తెలుసేమో.

ఇక్కడ అందరం బాగున్నాం. అలవాటు కొద్దీ రాశాను గానీ, ఎవరెంత బాగున్నారో కింద నువ్వే చదువుతావు. నువ్వూ బావా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందా? మెట్లు ఎక్కొద్దని చెబితే విన్న పాపాన పోవు కదా.

నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. అమ్మ దగ్గు తగ్గలేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకేసి పట్టుకుని, "ఈవిడ సిగరెట్లు తాగేవారా?" అని అడిగింది. అమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి, మేం గదిలోంచి బయటపడేదాకా ఆగలేదు. ఇంకో చలికాలం ఆ పొగలో గడిపితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

నాన్న నన్ను గుర్తుపట్టడం లేదు. కంచం ముందు పెడితే "ఎవరింటి అమ్మాయివి?" అంటారు. పొయ్యిని మాత్రం మరిచిపోలేదు. లేవగానే బూడిద ఎత్తుతారు, మట్టి అలుకుతారు, కట్టెలు పేర్చి ఊదుగొట్టం అందుకుంటారు. ఆ కాసేపూ ఆయన చేతులు వణకవు. ఒకప్పుడు ఈ వీధిలో సగం ఇళ్ళకి పొయ్యిలు కట్టిన చేతులు కదా. అమ్మ ఆయన పక్కనే కూర్చుంటుంది. నిప్పు దగ్గర ఆయన్ని ఒంటరిగా వదలనంటుంది.

ఇక మూడోది నువ్వు ఎత్తిపొడుపుగా రాశావు, ఊరందరి పొయ్యిలూ మార్పించేదానివి మనింట్లో ఒక్కటి మార్పించలేవా అని. చదివి రెండు రోజులు నీమీద అలిగాను. అలకెందుకంటే, నువ్వన్నది నిజమే కనక.

మొదట్లో మా ఆఫీసు వాళ్ళం కొత్త పొయ్యిలు ఊరికే ఇచ్చి వచ్చేవాళ్ళం. చెక్కపొట్టు గుళికలతో మండేవి, లోపల చిన్న ఫ్యాను, పొగ దాదాపు ఉండదు. నెల తిరిగాక వెళ్ళి చూస్తే ఇంటింటా అవి గుడ్డ కప్పుకుని అటక మీదున్నాయి. వంట పాత పొయ్యి మీదే. ఇదేమిటని ఎదురింటి దర్జీ ఆవిణ్ణి అడిగాను. "నల్లబడిపోదూ! కొత్త కోడలితో మొదటిరోజే అంట్లు తోమిస్తామా?" అంది. అందుకని రూలు మార్చాం. పాతది మా కళ్ళ ముందు పగలగొడితేనే కొత్తది ఇస్తాం. వీధంతా పగిలాయి. మిగిలింది మనదొక్కటే. ఇప్పుడు అదే దర్జీ ఆవిడ, "మా కోడలు పనిలోకి దిగింది, మీ ఇంటికెప్పుడొస్తుందమ్మా?" అని గుమ్మంలోంచే దెప్పుతుంది.

నాన్న కోసం వేరే మట్టిపొయ్యి ఒకటి వాకిట్లో పెట్టమని రాశావు. పెట్టాను. నాన్న దానివంక తల తిప్పి కూడా చూడలేదు. లోపలి పొయ్యికి ఒకరోజు రేకు కప్పి చూశాను. ఆయన చెప్పులైనా లేకుండా వీధిన పడి, "మీ పొయ్యి ఏమైనా పాడైందా?" అని గడప గడపా అడిగారట. దర్జీ ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆరోజు మాత్రం దెప్పలేదు. "మా వంటగదిలో పొయ్యి ఉండే చోట చాలాసేపు నిలబడ్డారమ్మా" అంది, అంతే.

అమ్మని అడిగితే ఒకటే మాట. "నాకు దగ్గుంది, ఆయనకి పొయ్యుంది. నా దగ్గు తీసేసి ఆయన్నేం చేస్తావే?"

ఇంతదాకా రాయడానికి చెయ్యి రానిది ఇప్పుడు రాస్తున్నాను. మొన్న దర్జీ ఆవిణ్ణి తోడిచ్చి అమ్మని ఆస్పత్రికి పంపాను. నాన్న పడుకున్నారు. నేను ఆఫీసు గునపం తీసుకుని పొయ్యి మీద ఒక్క దెబ్బ వేశాను. ముందరి గోడ చీలి ఒక పెళ్ళ ఊడిపడింది. రెండో దెబ్బకి చెయ్యి ఎత్తేలోపే నాన్న లేచి వచ్చారు.

తిడతారనుకున్నాను. తిడితే బాగుండును. గునపం ఆయన కంటికి ఆననే లేదు. చతికిలబడి పగుల్లో వేలు పెట్టి చూసి, "ఎవడు కట్టాడో గానీ, మట్టిలో పొట్టు తక్కువేశాడు" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "చూస్తావేం పిల్లా, మట్టి కలుపు. ఉండలు లేకుండా" అన్నారు.

కలిపాను అక్కా. పగలగొట్టడానికి జీతం తీసుకునేదాన్ని, మోచేతుల దాకా మట్టి పూసుకుని కలిపాను. ఎలా తట్టాలో ఆయన నా మణికట్టు పట్టుకుని చూపించారు. ఈ జబ్బు వచ్చాక నన్ను ముట్టుకోవడం అదే మొదలు. "పని పట్టుబడుతోందే! ఎవరింటి అమ్మాయివి?" అన్నారు. "ఈ ఇంటిదాన్నే నాన్నా" అన్నాను. "అయితే సరే" అని నవ్వారు. ఆ నవ్వు నువ్వు చూసి ఉండాల్సింది.

తడి లాగాలని సాయంత్రం సన్నమంట పెట్టారు. పచ్చిమట్టికి పొగ రెట్టింపైంది. అమ్మ వచ్చి, గోడకి ఆనించిన గునపాన్నీ నా చేతుల్నీ చూసి, తన చోట కూర్చుంది. "అమ్మా, ఈ పొయ్యి నీకిష్టమేనా?" అని అడిగేశాను. "ఇప్పుడా అడిగేది?" అని, దగ్గుతూనే నాన్నకి కట్టె అందించింది.

వచ్చే వారంతో మా వీధికి పొయ్యిలివ్వడం ఆపేస్తున్నారు. మనింటి మాట నేనే తేల్చి చెప్పాలి. అమ్మ ఊపిరి కాపాడమని ఒక పూట అనిపిస్తుంది, నాన్న చేతులకి ఉన్న ఆ కాస్త పనీ లాక్కోవద్దని ఇంకో పూట. ఇద్దరిలో ఎవర్ని ఎంచుకోవాలో నాకు తెలియడం లేదు. ఇది రాస్తే తెలుస్తుందేమో అనుకున్నాను. తెలియలేదు.

ఇట్లు,
ఇంకా గోళ్ళలో మట్టి వదలని
నీ చెల్లి